బీరువాలకి ఇస్తాం, జీతాలకి ఇవ్వం

మాది పల్నాడు పల్లెబడుల్లో పిల్లల లైబ్రరీలు నడిపే చిన్న సంస్థ. ఒక బడికి ఒక గది, గది లేకపోతే వరండాలో ఓ మూల. రెండు మూడు వందల పుస్తకాలు. బడి వదిలాక రెండు గంటలసేపు పిల్లలతో కూర్చుని చదివించే ఒకావిడ. ఆవిడ మామూలుగా ఆ ఊరి కోడలే అయి ఉంటుంది, ఇంటరో డిగ్రీయో చదివి పెళ్ళయ్యాక ఇంట్లో ఉండిపోయిన మనిషి. మా ఖర్చులో పెద్ద భాగం ఆవిడకే వెళ్తుంది. పుస్తకాలు ఒకసారి కొంటే మూడు నాలుగేళ్ళొస్తాయి, ఆవిడకి మాత్రం నెల తిరిగేసరికి డబ్బులు పడాలి. పడకపోతే రెండు నెలలు ఓర్చుకుంటుంది, మూడో నెల మిరపకోతలకి వెళ్ళిపోతుంది. తప్పు పట్టలేం.

ఈ మాత్రం లెక్క దాతలకి తెలియదని కాదు. మా చుట్టుపక్కల కుటుంబ ట్రస్టులు పెట్టినవాళ్ళంతా వ్యాపారాలు చేసి పైకొచ్చినవాళ్ళే. కోల్డ్ స్టోరేజీ కట్టినాయన అందులో మనుషుల్ని పెట్టకుండా నడపలేదు. అయినా ట్రస్టు పనికొచ్చేసరికి ఆ లెక్క మర్చిపోతారు.

ఒక ట్రస్టు వాళ్ళు తిప్పి పంపిన మా బడ్జెట్ కాగితం గురించి చెప్తాను. పేరు అక్కర్లేదు, అలాంటివాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు. మొదటి లైను పుస్తకాలు, రెండోది బీరువాలు, చాపలు. వాటి పక్కన ఆడిటర్ గారి టిక్కులు. మూడో లైను లైబ్రేరియన్ల గౌరవ వేతనం, దాని పక్కన ప్రశ్నార్థకం. నాలుగోది ఊళ్ళు తిరిగే కోఆర్డినేటర్ జీతం, ఐదోది ఆడిట్ ఫీజు, అద్దె, ఫోన్లు. ఆ రెండింటి మీదా అడ్డంగా గీత. మేనేజింగ్ ట్రస్టీ గారు పెద్దాయన, మంచి మనిషి. కాఫీ తెప్పించారు. "బీరువాలు ఎన్ని కావాలంటే అన్ని రాసుకోమ్మా. ఇంకో పది ఎక్కువే రాసుకో. జీతాలకైతే మేం ఇవ్వం. సేవ చేసేవాళ్ళకి జీతాలేంటమ్మా?" అన్నారు. అదే గదిలో ఆ ట్రస్టు లెక్కలు రాసి జీతం తీసుకునే అకౌంటెంటు, ఫీజు తీసుకునే ఆడిటరు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ముగ్గురిలో ఎవరికీ ఆ మాటలో తేడా కనిపించలేదు.

ఎక్కువ బీరువాలు వస్తే ఏమవుతుందో ఎవరైనా చూడాలనుకుంటే ఏ ఊరి బడికైనా వెళ్ళొచ్చు. నేను చూసిన ఒకచోట స్టాఫ్ రూములో పచ్చరంగు స్టీలు బీరువా ఉంది. తలుపు మీద ఎర్ర పెయింటుతో కీర్తిశేషులైన ఓ అమ్మగారి పేరు, ఊరు, మనవల పేర్లతో సహా. అద్దం వెనక పుస్తకాలు కనిపిస్తున్నాయి, కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తాళంచెవి ఎక్కడుందో అందరికీ తెలుసు, హెడ్మాస్టర్ గారి సొరుగులో. తీయరు. ఎందుకంటే ఆ పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయి. బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఛార్జి అప్పగించాలి. లెక్కకి పది తగ్గితే తర్వాత వచ్చేవాళ్ళు ఊరుకోరు. పిల్లల చేతికిస్తే పది తగ్గడం ఖాయం, చిరగడమూ ఖాయం. కాబట్టి ఏ పుస్తకమూ పోకుండా ఉండాలంటే ఏ పిల్లాడూ ముట్టుకోకుండా ఉండాలి. ఇందులో ఆ హెడ్మాస్టర్ తప్పేమీ లేదు. పుస్తకాల చిరుగుళ్ళకి జవాబుదారీగా, పిల్లలకి ఇచ్చి తీసుకునే పనికి ఒక మనిషిని పెట్టని ఏర్పాటుది తప్పు. ఆ మనిషినే మేం బడ్జెట్ మూడో లైనులో రాశాం.

నా వాదన ఇది. కుటుంబ ఫౌండేషన్లు కంపెనీల సీఎస్సార్ (కంపెనీల సామాజిక బాధ్యత) డిపార్టుమెంట్లని చూసి వాతలు పెట్టుకుంటున్నాయి. కంపెనీకి ఉన్న కట్టుబాట్లు కుటుంబానికి లేవు. లేని కట్టుబాట్లని కోరి మెడకి తగిలించుకుని, తమకున్న ఒకే ఒక్క గొప్ప వెసులుబాటుని పోగొట్టుకుంటున్నాయి. మనం, అంటే అడిగేవాళ్ళం, వాళ్ళ ఫారాలు నోరుమూసుకుని నింపి ఆ జబ్బుని పెంచుతున్నాం.

కంపెనీల సంగతి ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. 2021 నుంచి ఇంకా బిగించారు. ఖర్చు కాకుండా మిగిలిన డబ్బుని గడువులోపు ప్రత్యేక ఖాతాలోనో ప్రభుత్వ నిధిలోనో వెయ్యాలి. డబ్బు తీసుకునే సంస్థ సీఎస్సార్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. అందుకే ఫిబ్రవరి వచ్చేసరికి సీఎస్సార్ మేనేజర్లకి టెన్షన్ పట్టుకుంటుంది. మార్చి 31లోపు చూపించగలిగే ఖర్చు కావాలి. కంప్యూటర్లు, ఆర్వో ప్లాంట్లు, బెంచీలు, బీరువాలు మార్చిలో తేలిగ్గా ఖర్చవుతాయి. పన్నెండు నెలలు మెల్లగా కరిగే జీతం అవ్వదు. ఆ మేనేజర్ల బాధ నాకు అర్థమవుతుంది.

ఈ నియమాల్లోనే ఒక 5 శాతం ఉంది. అడ్మిన్ (ఆఫీసు నిర్వహణ) ఖర్చు 5 శాతం మించకూడదు అని. మా జిల్లాలో ఏ ట్రస్టు ఆడిటర్ని కదిపినా ఈ అంకె వల్లిస్తాడు. అసలు సంగతేమిటంటే ఆ పరిమితి కంపెనీ తన సొంత సీఎస్సార్ విభాగం నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చు మీద. ఒక ప్రాజెక్టుని తయారుచేయడానికి, నడపడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ 5 శాతంలోకి రాదని నియమంలోనే రాసి ఉంది. లైబ్రరీలో కూర్చునే ఆవిడ జీతం, ఊళ్ళు తిరిగే కోఆర్డినేటర్ జీతం ప్రాజెక్టు నడపడమే. పైగా కుటుంబ ట్రస్టుకి ఈ నియమం ఏ మూలా వర్తించదు. వర్తించని చట్టంలోంచి, తప్పుగా చదివిన ఒక అంకె తెచ్చి మా కాగితం మీద అడ్డగీత కొట్టారు.

ఆదాయపు పన్ను చట్టం జీతాలకి అడ్డం చెబుతుందా అంటే అదీ లేదు. ట్రస్టు పెట్టినవాళ్ళకీ వాళ్ళ బంధువులకీ పనికి మించి ఇస్తే అడుగుతుంది, అడగాలి కూడా. వేరే ఊరి కోడలికి నెలకి కొన్ని వేలిస్తే ఎవరూ అడగరు.

చట్టంలో నిజంగా చూసుకోవాల్సిన చిక్కు వేరే ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ధర్మ ట్రస్టుగా రిజిస్టరైన ఫౌండేషన్ ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకి ఖర్చుపెట్టాలి. వేరే రిజిస్టర్డ్ సంస్థకిచ్చిన డబ్బు కూడా ఖర్చు కిందే లెక్క. అయితే 2023 బడ్జెట్‌లో ఒక మెలిక పెట్టారు. అలా ఇచ్చిన 100 రూపాయల్లో 85 మాత్రమే ఖర్చుగా లెక్కేస్తారు. అదే 100 రూపాయలు తనే స్వయంగా ఖర్చుపెడితే మొత్తం లెక్కకొస్తుంది. దీంతో కొన్ని ట్రస్టులు 'మనమే చేసుకుంటే పోలా' అని సొంత కార్యక్రమాలు మొదలుపెట్టాయి. పెద్దాయన ఇవ్వనంటే అది మన మీద కోపమనో పిసినారితనమనో అనుకునే ముందు వాళ్ళ ఆడిటర్ ఈ లెక్క చెప్పాడేమో కనుక్కోవాలి.

కార్పస్ సంగతీ అంతే. చిన్న సంస్థలన్నిటికీ ఒక కల ఉంటుంది, ఎవరైనా ఓ పాతిక లక్షలు మూలధనంగా ఇస్తే బ్యాంకులో వేసి వడ్డీతో జీతాలిచ్చుకుందామని. కల మంచిదే, కానీ అడగాల్సిన చోట అడగం. ఒక రిజిస్టర్డ్ ట్రస్టు ఇంకో ట్రస్టుకి కార్పస్‌గా ఇస్తే అది ఖర్చు కింద లెక్కకే రాదు, ఈ నియమం 2017-18 నుంచీ ఉంది. కాబట్టి కార్పస్ కావాలంటే ఫౌండేషన్ని కాదు, ఆ కుటుంబంలో మనుషుల్ని మనుషులుగా అడగాలి. పెద్దాయన సొంత ఖాతాలోంచి చెక్కు రాస్తే ఈ గొడవ లేదు. విరాళానికి పన్ను రాయితీ వస్తుందని ఆశపెట్టడం మాత్రం ఇప్పుడు పెద్దగా పనిచేయదు. కొత్త పన్ను విధానంలో ఆ రాయితీ లేదు, ఎక్కువమంది అందులోకే వెళ్ళిపోయారు. ఇచ్చే మనసున్నవాళ్ళు రాయితీ కోసం ఆగరులెండి. నగదు ఇస్తామంటే మాత్రం 2000 రూపాయలు దాటితే రాయితీ లేదని చెప్పి బ్యాంకు ద్వారానే తీసుకోండి, మీ లెక్కలకే మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. భారత పాస్‌పోర్టున్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డున్నా సరే, రూపాయల్లో ఇచ్చినా సరే. అప్పుడు తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి మూడేళ్ళ అనుభవం, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. మా ఊరి స్కేలులో ఉన్న సంస్థల్లో చాలావాటికి అది లేదు. 2020 సెప్టెంబర్ దాకా ఒక దారి ఉండేది, హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి మండలాల్లో పనిచేసే చిన్నవాటికి పంచేది. ఆ ఏడాది సవరణలో అలా పంచడాన్ని పూర్తిగా నిషేధించారు. విదేశీ నిధుల్లో అడ్మిన్ ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు.

దాని ఫలితం ఏమిటంటే, మండలం స్థాయిలో పనిచేసే సంస్థకి ఇవాళ ఆ జిల్లా కుటుంబ ట్రస్టే దిక్కు. పదేళ్ళ క్రితం అది అదనపు డబ్బు, ఇప్పుడు అదే అసలు డబ్బు. ట్రస్టులవాళ్ళకి ఈ మార్పు తెలిసినట్టు లేదు. వాళ్ళు ఇంకా 'మిగతావి వేరేవాళ్ళు ఇస్తార్లే, మనం వస్తువులిద్దాం' అన్న లెక్కలోనే ఉన్నారు. ఆ వేరేవాళ్ళు లేరు.

కుటుంబాలకి మొదటినుంచీ ఇలాగే ఇవ్వడం అలవాటు అనుకుంటే పొరపాటు. మన దగ్గర దానికి ఎదురు ఉదాహరణలు పెద్దవే ఉన్నాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంగతి తీసుకోండి. ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది 1911లో, నిఘంటువు మొదటి సంపుటం వెలువడింది 1936లో. పాతికేళ్ళు! ఆ పనికి అండగా నిలిచింది పిఠాపురం రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు గారు. నిఘంటువు పనిలో ఖర్చంటే ఏముంటుంది? పండితులు కూర్చుని ఒక్కో మాటకీ ప్రయోగాలు వెతకడం. అంటే జీతాలే. 'పన్నెండు నెలల్లో ఎంతమంది లబ్ధిదారులు?' అన్న గడి ఆనాటి దరఖాస్తులో ఉండుంటే ఆ నిఘంటువు 'అ' దగ్గరే ఆగిపోయేది. జమీందారీ వ్యవస్థని మెచ్చుకుంటున్నానని ఎవరూ అనుకోకండి, ఆ డబ్బు రైతుల దగ్గర శిస్తుగా వచ్చిందే. ఇచ్చిన పద్ధతి గురించే నేను చెబుతున్నది.

ఇంకో ఉదాహరణ మన కాలానిదే. 1980ల్లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో కంటి వైద్య సంస్థ పెట్టాలనుకున్నప్పుడు సినిమా నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారు, వారి కుటుంబం 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన పేరు. నడిపింది మాత్రం డాక్టర్లు. దాత తన పేరు ఇచ్చి, పని తెలిసినవాళ్ళకి పని వదిలిపెట్టడం అంటే అది. పేరు పెట్టడం మీద నాకేమీ అభ్యంతరం లేదు, నిజానికి మా లైబ్రరీలన్నిటికీ ఎవరి పేరైనా పెడతాం. మనిషి జీతం మీద కూడా పేరు పెట్టొచ్చు. 'ఫలానా అమ్మగారి జ్ఞాపకార్థం ఈ ఊరి లైబ్రేరియన్' అని గోడమీద రాయిస్తే ఏం తప్పు? గుళ్ళో ఫ్యాను రెక్కల మీద రాసిన దాత పేరు ఫ్యాను తిరిగేటప్పుడు ఎటూ కనిపించదు. లైబ్రరీ గోడమీద పేరు మాత్రం పిల్లలు రోజూ చదువుతారు.

అయితే ఒకే కుటుంబం మీద ఆనుకుంటే ఏమవుతుందో కూడా మనకే బాగా తెలుసు. సత్యం రామలింగరాజు గారి కుటుంబం తండ్రి పేరిట 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. గోదావరి జిల్లాల్లోనూ చుట్టుపక్కలా వందకు పైగా ఊళ్ళలో తాగునీటి ప్లాంట్లు, ఆరోగ్య కేంద్రాలు, చదువుల పనులు నడిపారు. పని బాగుందని చూసినవాళ్ళు చెప్పేవారు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కలు తప్పని ఒప్పుకుంటూ రాజు గారు రాసిన ఉత్తరం బయటికొచ్చింది, కంపెనీతోపాటే ఫౌండేషన్ కాళ్ళకింద నేల కదిలింది. అదే కుటుంబం 2005 ఆగస్టు 15న మొదలుపెట్టిన 108 అంబులెన్సు మాత్రం ఆగలేదు. దానికి అప్పటికే ప్రభుత్వంతో ఒప్పందం, ప్రభుత్వ డబ్బు ఉన్నాయి. జీవీకే గ్రూపు వచ్చి నిర్వహణ అందుకుంది. ఒకే చేయి పెట్టిన రెండు మొక్కల్లో ఇంకో నీటివసతి ఉన్నదే బతికింది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)ది ఇంకో దారి, స్పెయిన్‌లో వేలమంది మామూలు మనుషులు తలా కొంచెం పంపడం మీద పెరిగింది. ఏ ఒక్కరు మానేసినా ఊరికి తెలియదు. ఆ దారి మాలాంటివాళ్ళకి అందేది కాదనుకోండి.

'మరి దొంగ ఎన్జీవోల మాటేమిటి?' అని ప్రతి ట్రస్టీ అడుగుతారు. అడగాల్సిందే. కాగితాల మీదే ఉండే సంస్థలు మా జిల్లాలోనూ ఉన్నాయి, ఒక్కొక్కటి ఎవరి బావమరిదిదో కూడా చెప్పగలను. కానీ దొంగతనం ఎక్కడ తేలికో చూడండి. బీరువా బిల్లులో రెండు వేలు ఎక్కువ రాయించడం ఏ ఫర్నిచర్ షాపులోనైనా నిమిషం పని. పుస్తకాల మీద పబ్లిషర్లు ఇచ్చే డిస్కౌంటు బిల్లులో కనిపించకుండా చేయడం అంతకంటే తేలిక. జీతం అలా కాదు. డబ్బు నేరుగా ఆవిడ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆవిడ ఫలానా ఊళ్ళో, ఫలానా ఇంట్లో ఉంటుంది. సాయంత్రం ఐదింటికి చెప్పకుండా వెళ్తే లైబ్రరీ తెరిచి ఉందో లేదో కనిపిస్తుంది. డబ్బులు పడుతున్నాయా అని ఆవిణ్ణే అడగొచ్చు, అత్తగారు ఇంకా గట్టిగా చెబుతుంది. మోసానికి భయపడేవాళ్ళు వస్తువులకి ఇచ్చి జీతాలకి మానెయ్యడం పూర్తిగా తలకిందుల లెక్క.

జీతాలకివ్వం అన్న నియమం వల్ల నిజంగా పుట్టేది అబద్ధం. జీతం అని రాస్తే కొట్టేస్తారు కాబట్టి 'సామర్థ్య నిర్మాణం' అని రాస్తారు. కోఆర్డినేటర్ జీతం 'పర్యవేక్షణ సందర్శనలు' అవుతుంది. ఆడిట్ ఫీజు 'డాక్యుమెంటేషన్'లోకి వెళ్ళి దాక్కుంటుంది. మూడు రోజుల శిక్షణకి పదకొండు రోజుల భోజనాల బిల్లు తయారవుతుంది. నిజాయితీగా నడిచే సంస్థ అకౌంటెంటు చేత ఈ పని చేయించాక, రేపు అదే అకౌంటెంటు తనకోసం ఒక బిల్లు రాసుకుంటే ఏ మొహంతో అడుగుతాం? ఈ చదరంగం ట్రస్టీలకి తెలియదా అంటే, వ్యాపారస్తులు కదా, తెలుసు. తెలిసీ ఊరుకుంటారు. డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని అందరూ సంతకాలు పెట్టిన యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఫైల్లోకి వెళ్తుంది.

ఇక ప్రపోజల్ సంగతి. మా దగ్గర ట్రస్టుల్లో పెద్దవాళ్ళు పొద్దున్నే తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే మనుషులు. ప్రపోజల్ మాత్రం ఇంగ్లీషులో, ఇరవై పేజీలు, లాగ్‌ఫ్రేముతో (లక్ష్యాలు, ఫలితాలు గడుల్లో నింపే పట్టికతో) కావాలి. ఎందుకంటే ఏదో పెద్ద కంపెనీ ఫారం ఎవరో తెచ్చి ఇచ్చారు. మేం కన్సల్టెంటుకి డబ్బులిచ్చి రాయిస్తాం. పెద్దాయన దాన్ని చదవరు, ఆడిటర్ చివరి పేజీ బడ్జెట్ ఒక్కటే చూస్తారు. ఆయన చదువు లెక్కల చదువు, ఆయనకి అంకెలే కనిపిస్తాయి. తప్పు ఆయనది కాదు, మనం ఆయన ముందుకి అంకెలే పంపాం.

అందుకని నేను ఆ ఇరవై పేజీల పైన తెలుగులో రెండు పేజీల ఉత్తరం పెట్టడం మొదలుపెట్టాను. ఏ ఊరు, ఎవరావిడ, సాయంత్రం ఏం జరుగుతుంది, నాలుగో తరగతి పిల్లలు ఏ పుస్తకం కోసం కొట్టుకున్నారు, ఎన్ని పుస్తకాలు చిరిగాయి. చిరిగినవాటి లెక్క తప్పకుండా రాస్తాను. దాని కింద, బీరువా కొంటే ఎంత, ఆవిడకి ఏడాదికి ఎంత, రెండూ పక్కపక్కన. ఒక ట్రస్టులో పెద్దాయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళారు, కోడలు గారికి చూపించడానికి. ఆ కోడలు గారు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, 'ఆ అమ్మాయికి సెలవులెన్ని ఇస్తారు?' అని. లాగ్‌ఫ్రేములో ఆ గడి లేదు. నాకు తెలిసి ఏ సీఎస్సార్ మేనేజరూ అడగని ప్రశ్న అది. కుటుంబాలు ఇచ్చే డబ్బులో ఉన్న అసలు బలం నాకు అక్కడ కనిపించింది. ఒక మనిషికి ఇంకో మనిషి గురించి కుతూహలం కలిగితే ఏ కమిటీ ఆమోదమూ లేకుండా మూడేళ్ళకి మాటివ్వగలరు. మార్చి 31 భయం లేదు. ఖర్చు కాకపోతే ఫలానా పనికి అని చెప్పి ఐదేళ్ళదాకా డబ్బు దాచుకునే వీలు కూడా పన్ను చట్టంలో ఉంది. ఇంత స్వేచ్ఛ పెట్టుకుని కంపెనీ ఫారాలు నింపించడం ఏమిటి?

వర్ధంతి సభల గురించి కూడా ఒక మాట అనాలి. పిల్లల్ని ఎండలో గంటసేపు నిలబెట్టి, ఒక్కొక్కరికీ నోటుపుస్తకం ఇస్తూ ఫోటో తీసే కార్యక్రమం మా ఒప్పందాల్లో ఉండదని ముందే చెబుతాను. లైబ్రరీకి రమ్మంటాను, వచ్చి పిల్లలకి ఒక కథ చదివి వినిపించమంటాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. వచ్చినవాళ్ళు మాత్రం లేవమన్నా లేవలేదు.

చివరికి ప్రతి ఫారంలోనూ ఒక గడి ఉంటుంది. 'మా సహాయం ఆగిపోయాక కార్యక్రమం ఎలా కొనసాగుతుంది?' దీనికి అందరం ఒకటే రాస్తాం, 'సమాజ భాగస్వామ్యంతో స్వయం సమృద్ధి సాధిస్తాం' అని. కూలికి వెళ్ళే తల్లుల దగ్గర నెలకి వంద చొప్పున వసూలు చేసి లైబ్రరీ నడుపుతామని చెప్పడం అది. జరగదు. పేద పిల్లల లైబ్రరీ ప్రపంచంలో ఎక్కడా తన ఖర్చు తను సంపాదించుకోలేదు. ప్రభుత్వం నడపాలి, లేదా ఎవరో ఒకరు ఇస్తూ ఉండాలి. మనకి ప్రభుత్వ దారి కూడా కాగితం మీద ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఊళ్ళో ఇల్లున్న ప్రతివాళ్ళూ లైబ్రరీ కోసం కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు పంచాయతీల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకి సరిగ్గా చేరడం, అక్కడినుంచి మా ఊరి వరండాదాకా రావడం వేరే పోరాటం. దానికి పట్టే ఏళ్ళలో ఆవిడ జీతం ఎవరిస్తారన్నదే ప్రశ్న.

కాబట్టి ఆ గడిలో ఇప్పుడు నిజమే రాస్తున్నాను. మీరు ఆపితే వేరే దాతని వెతుకుతాం, దొరక్కపోతే కొన్ని ఊళ్ళలో మూసేస్తాం. ఆపడం మీ ఇష్టం, కానీ ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పండి, ఆ ఆరు నెలల జీతాలూ ఇవ్వండి. ఈ షరతుని ఒప్పందంలో పెట్టడానికి ఇంతవరకూ ఒప్పుకున్నది ఆ కోడలు గారి ట్రస్టు ఒక్కటే. మిగతావాళ్ళు 'చూద్దాంలేమ్మా' అన్నారు. ఒకాయన మాత్రం, ఆ గడిలో ఇలా రాసేబదులు ఖాళీగా వదిలెయ్యొచ్చు కదమ్మా, బోర్డులో అడగరు అన్నారు.